పలకముక్క మీద తెల్లచార

“నేనడిగేది ఒక్కటే. మాత్ర ఎగ్గొట్టింది ఎవరు?”

జాకబ్ చెప్పులు కూడా విడవలేదు. మార్కాపురం నుంచి ఆటోలో వచ్చినంతసేపూ నోరు మెదపనివాడు, గడప దాటగానే ఆ మాట అన్నాడు. చేతిలో ఉన్న ఆసుపత్రి కవరును మంచం మీదికి విసిరేశాడు.

మంచం మీద కూర్చున్న తండ్రి నతానియేలు కాస్త పక్కకు జరిగి కవరుకు చోటిచ్చాడు.

“మీ నాయనను అడుగుతుండావా, నన్ను అడుగుతుండావా?” అంది ఇందిరమ్మ. కొడుకు వైపు చూడలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

“ఇంట్లో అందర్నీ అడుగుతుండా. డాక్టరు నా మొహం మీదనే అడిగినాడు, మాత్ర రోజూ వేస్తుండారా అని. వేస్తుండాం సార్ అన్నా. వేస్తుంటే రక్తంలో ఇట్లెందుకుంటాదయ్యా అన్నాడు. ఆడ కూర్చున్నోళ్ళంతా తలలు తిప్పి నన్నే చూసినారు. దొంగతనం చేసినట్టుండింది నాకు.”

“నేను వేస్తుండా. పొద్దున్నే, నా చేత్తోనే వేస్తుండా. ప్రభువు చూస్తుండాడు.”

“ప్రభువును రక్తపరీక్షకు పిలుచుకొని పోలేను గదమ్మా.”

“నోరు కడుక్కోరా ముందు.”

హెప్సిబా తలుపు దగ్గరే నిలబడిపోయింది. బిడ్డ కెజియా ఆమె భుజం మీద నిద్రపోతోంది. మూడో నెల నడుస్తున్నా మెడ ఇంకా తడిగుడ్డలాగా వాలిపోతోంది. నోరు సగం తెరిచి ఉంది. పెదవుల మధ్య నుంచి నాలుక కొస కనబడుతోంది. బిడ్డ పుట్టిన రోజు నుంచీ ఆ నాలుక అట్లాగే ఉంది. చూడవచ్చిన వాళ్ళు ముద్దుగా ఉందన్నారు. నెల నిండవస్తున్నా పచ్చకామెర్లు తగ్గకపోతేనే పెద్దాసుపత్రికి పోయారు. మొదటిసారి రక్తం తీసిందప్పుడే.

ఆరోజు డాక్టరు చెప్పిన మాటలు హెప్సిబాకు ఒక్కటి కూడా జారిపోలేదు.

మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. ఈ బిడ్డకు అది పనిచేయడం లేదు. దాని రసం లేకపోతే మెదడులో నరాలు ఒకదానితో ఒకటి కలవవు. కరెంటు వైరుకు తొడుగు ఉన్నట్టు నరానికీ ఒక పొర పట్టాలి, అదీ పట్టదు. ఈ పనంతా మొదటి రెండు మూడేళ్ళలోనే జరగాలి. అందులోనూ ఈ మొదటి నెలలే ముఖ్యం. రోజుకొక మాత్ర వేస్తే మిగతా పిల్లల్లాగానే పెరుగుతుంది. వేయకపోతే, పోయిన నెలను తర్వాత ఎవరూ తెచ్చివ్వలేరు.

పోయిన నెల. ఆ మాట ఆటోలో కూడా ఆమె చెవుల్లో తిరుగుతూనే ఉంది.

“నువ్వేం మాట్లాడవేందే?” అన్నాడు జాకబ్ ఆమె వైపు తిరిగి. “కన్నదానివి. మిరపకోతలంటూ పొద్దున్నే పరిగెత్తకపోతే ఈ ముచ్చట వచ్చేదా?”

“కోతలకు పోవద్దని నువ్వన్నావా బావా?”

“బిడ్డను చూసుకొమ్మని నేను చెప్పాల్నా?”

“పాలిచ్చి, అత్త చేతిలో పెట్టి పోతుండా. నువ్వు చూడలేదా? ఫ్యాక్టరీలో రాయి కోసే మిషనుకు పొద్దుకోసారి నూనె పోసేది మరవవు గదా. ఒక్క పొద్దన్నా ఇంటికి ఫోన్ చేసి, బిడ్డకు మాత్ర వేసినారా అని అడిగినావా?”

జాకబ్ చెప్పులు విడిచాడు. విడిచినవాడు మళ్ళీ తొడుక్కున్నాడు.

హెప్సిబా అత్త దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇందిరమ్మ ఆమెకు అత్త కాకముందే మేనత్త, స్వయానా తండ్రికి చెల్లెలు. చిన్నప్పుడు జడలు వేసిన చెయ్యి అది. గట్టిగా అడగాలంటే నోరు రాదు.

“అత్తా, నిజం చెప్పు. ఎప్పుడన్నా మరిచిపోయినావా? కోప్పడనులే.”

“నువ్వు నామీద కోప్పడేదేందే? నలుగురు బిడ్డల్ని పెంచినా నేను. ఏ ఘడియకు ఏం పోయాల్నో నాకు నువ్వు చెప్తావా?”

“పెంచినావు,” అంది హెప్సిబా. “పాపమ్మొదినను గూడా నువ్వే పెంచినావు. నా బిడ్డ గూడా అట్ల కావాల్నా?”

పాపమ్మ గోడవార కూర్చుని ఉంది. జాకబ్‌కు అక్క. ముప్పై దాటింది గాని నిలబడితే హెప్సిబా గుండెల దాకా వస్తుంది. అందరూ విసనకర్రలు ఊపుకునే వేళ ఆమె దుప్పటి కప్పుకుంటుంది. ముఖం ఎప్పుడూ నిద్ర లేచినట్టు ఉబ్బి ఉంటుంది. గొంతు కింద నిమ్మకాయంత గడ్డ. బొంగురుగొంతుతో వచ్చే మాటలు నాలుగైదు. వాటిలో ఒకటి ఈమధ్యనే నేర్చుకుంది. ‘బిడ్డ’.

తన పేరు వినబడి ఆమె నవ్వింది.

అన్నం పొంగి పొయ్యిలోకి కారుతోంది. ఇందిరమ్మ మూత తీయలేదు. నతానియేలే లేచి వచ్చి, తువ్వాలు కొసతో మూత తీసి పక్కన పెట్టి, మళ్ళీ పోయి కూర్చున్నాడు.

మొదటిసారి పోయినప్పుడు డాక్టరు ఇంకో మాట కూడా అడిగాడు. మేనరికమా అన్నాడు. అవునన్నారు. మీ ఇంట్లో గాని, ఆమె పుట్టింట్లో గాని ఎదుగుదల లేని వాళ్ళు, మాటలు రాని వాళ్ళు ఉన్నారా అన్నాడు. జాకబ్ లేరన్నాడు. హెప్సిబా కిందికి చూసింది. ఈ ఇంట్లో అదొక అలవాటు. గడప బయట పాపమ్మ ఊసు ఎత్తరు. చర్చికి పోయినా ఆమెను ఇంట్లో ఉంచి గొళ్ళెం పెట్టి పోతారు. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదంటారు. అట్లా అంటూ ముప్పై ఏళ్ళు గడిచాయి.

పొద్దు వాలే ముందు హెప్సిబా బిడ్డను చాప మీద పడుకోబెట్టి, తల వెనక స్టీలు కంచం మీద గరిటెతో కొట్టింది. బిడ్డ కదల్లేదు. మళ్ళీ కొట్టింది. పాపమ్మకు అది ఆటనిపించి తానూ చప్పట్లు కొట్టింది. అప్పుడు కెజియా కళ్ళు కొద్దిగా అటు జరిగాయి.

చప్పుడుకు జరిగాయో, తలుపులోంచి పడుతున్న వెలుతురుకు జరిగాయో హెప్సిబాకు తెలియలేదు. ఇంకోసారి కొట్టడానికి ధైర్యం చాలలేదు.

* * *

తెల్లారి కోతల ముఠా వచ్చి వాకిట్లో కేకేసింది. హెప్సిబా రానంది. ఇందిరమ్మ విని కూడా, నాకు కాపలా కూర్చున్నావా అని అడగలేదు. అడిగి ఉంటే హెప్సిబాకు కాస్త తేలిగ్గా ఉండేది.

కాసేపటికి పక్కింటి ఆదెమ్మ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాడు వీధంతా వినబడేట్టు ఏడుస్తున్నాడు.

“ఒదినా, వీడికి వస రాసి పుణ్యం కట్టుకో. కడుపుబ్బరమంట. వీడి గొంతు చూడు, చర్చి మీద మైకు పెట్టే పని లేదు.” కెజియా వైపు చూసి ముక్కు మీద వేలేసుకుంది. “ఈ తల్లి చూడు ఎంత బుద్ధిమంతురాలో! ఉండాదా లేదా అన్నట్టుంటాది. పెట్టి పుట్టినావమ్మే హెప్సీ, ఇట్లాంటి బిడ్డను కనేదానికి.”

హెప్సిబా వాడి వైపే చూసింది. ఆ ఏడుపు వింటూ కూర్చుంది. ఏడుపు మీద ఆశ పడతానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఇందిరమ్మ గూట్లోంచి పలకముక్క తీసింది.

పలకరాయి గనుల్లో పనిచేసే వాళ్ళ ఇళ్ళల్లో అదొకటి ఉంటుంది. తొలిబిడ్డ పుట్టిందని కబురు రాగానే తండ్రి మంచి పొర ఉన్న పలకరాయి ఏరి, అరచెయ్యంత చెక్కి, నున్నగా రుద్ది ఇంటికి తెస్తాడు. బిడ్డలకు మందు అరగదీసేది దాని మీదనే. వస, శొంఠి, కరక్కాయ, ఏదైనా సరే. ఈ ముక్కను నతానియేలు పాపమ్మ పుట్టినప్పుడు తెచ్చాడు. నలుగురు బిడ్డలకు వాడి వాడి నడుమ చిన్న పల్లం పడింది. ఊళ్ళో వాళ్ళు కూడా ఇందిరమ్మ చేతికి పిల్లల్నిచ్చి, ఆమెతోనే రాయించుకుంటారు. ఆమె చెయ్యి మంచిదని పేరు.

ఇందిరమ్మ పలక మీద నీటిచుక్క వేసి వసకొమ్మును తిప్పింది. మూడు తిప్పులు తిప్పి ఆపింది.

“ఇంకొంచెం తియ్యి ఒదినా. మొండిఘటం వీడు.”

“చాల్లేమ్మే. ఎక్కువైతే బిడ్డ తట్టుకోలేడు. మందు వాసన తగిలితే చాలు, పని అదే చేస్తాది.”

పిల్లవాడి నాలుకకు రాసింది. పలకను కొంగుతో తుడిచి మళ్ళీ నీటిచుక్క వేసింది. జాకెట్లో దాచుకున్న గుడ్డమూట విప్పింది. అందులో ఒక తెల్లమాత్ర ఉంది. సగం చందమామలాగా ఒక పక్క అరిగిపోయి ఉంది.

హెప్సిబాకు మొదట అర్థం కాలేదు.

ఇందిరమ్మ ఆ మాత్రను రెండు వేళ్ళతో పట్టుకుని పలక మీద తిప్పింది. మూడు తిప్పులు. నల్లటి రాతి మీద పలచగా తెల్లచార పడింది. దాన్ని చూపుడువేలితో తీసి, కెజియా నాలుక మీద రాసింది. ఎంత మెల్లగా రాసిందంటే, నిద్రలో ఉన్న బిడ్డ లేవలేదు. తర్వాత మాత్రను కొంగుతో అద్ది, మళ్ళీ మూటలో కట్టబోయింది.

“అత్తా, దాన్నెందుకు దాస్తుండావు?”

“రేపటికి.”

“ఒక్క మాత్ర ఎన్నాళ్ళొస్తాది?”

“అరిగిందాక వస్తాది,” అంది ఇందిరమ్మ మామూలుగా.

హెప్సిబా చెయ్యి చాపి పలక తీసుకుంది. వెలుతురుకు ఎత్తి చూసింది. వేలికి రానిది పల్లంలో తెల్లగా ఆరిపోయి ఉంది. గోరు పెట్టి గీరింది. రాలేదు. మళ్ళీ గీరింది. గోరు విరిగింది.

మంచం మీద నుంచి నతానియేలు అన్నాడు, “రాయి తాగేసింటాదిలే.”

మాత్రల అట్ట అయిపోవడం లేదని హెప్సిబా గమనించకపోలేదు. జాకబ్ కొత్తది తెచ్చి ఉంటాడనుకుంది. జాకబ్ ఏమో హెప్సిబా తెప్పించి ఉంటుందనుకున్నాడు. బిడ్డకు మందు అందుతూనే ఉంది గదా అని ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు.

“మాత్ర మొత్తం పోయమన్నారు గదత్తా! నలిపి, పాలల్లో కలిపి, రోజుకొకటి మొత్తం పోయమన్నారు గదా! నీ ముందరే గదా నర్సమ్మ చెప్పింది!”

“చెప్పింది. విన్నా. ఇంత బిడ్డకు మొత్తం మాత్రనా? నా మోకాళ్ళ నొప్పికి నేను వేసుకునేది గూడా అంతే ఉండాది. వాళ్ళదేముంది, చెప్పేస్తారు. తెల్లారి బిడ్డకు ఏమన్నా అయితే నేను ఎవరితో చెప్పుకోవాల్నే?” ఇందిరమ్మ గొంతు లేచింది. “అరగదీసి పొయ్యకూడదని వాళ్ళన్నారా? నాకు తెలిసినట్టు నేను చేసినా. ఒక్క పొద్దు తప్పలేదు. ఒక్క పొద్దు తప్పింటే నా చెయ్యి పడిపోవాల.”

“తప్పలేదత్తా. నువ్వు తప్పలేదు.”

హెప్సిబా అరిచి ఉంటే ఇందిరమ్మ తట్టుకునేది. అరవకుండా అట్లా అనేసరికి మాత్ర ఉన్న చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది.

“అంటే? మందు సాలలేదా?”

హెప్సిబా పలకను చాప మీద పెట్టింది.

“పెద్దామె మంచికే చేసిందిలేమ్మే…” అని మొదలుపెట్టిన ఆదెమ్మ, ఎవరి మొహం చూడాలో తెలియక మనవణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది. వాడి ఏడుపు వీధి చివరిదాకా వినబడింది.

* * *

ఫోన్ చేసిన కాసేపటికే జాకబ్ బండి మీద వచ్చాడు. ఒళ్ళంతా రాతిదుమ్ము. హెప్సిబా చెప్పింది విన్నాడు. పలకను చేతిలోకి తీసుకుని బోర్లించి చూశాడు, వెనక వైపు ఏదైనా ఉంటుందేమో అన్నట్టు. తల్లిని ఒక్క మాట అనలేదు. నిన్న అన్నవే ఎక్కువయ్యాయి.

డాక్టరుకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేట్టు పెట్టాడు.

“సార్, కెజియా వాళ్ళ నాయనను. నిన్న వచ్చినాం గదా. మాత్ర… మా అమ్మ వేస్తానే ఉండాది సార్. కాకపోతే రాయి మీద అరగదీసి, కొంచెం కొంచెం రాసిందంట.”

అవతల ఎవరో పిల్లవాడు దగ్గుతున్నాడు.

“ఈరోజు మాత్ర వేశారా?”

“అట్లనే రాసింది సార్.”

“అది లెక్కలోకి రాదు. ఫోన్ పెట్టగానే ఒక మాత్ర మొత్తం వేయండి. రెండు చెంచాల మధ్య పొడి చేసి, కాసిని తల్లిపాలల్లో కలిపి, చెంచాతోనే తాపండి. పాలసీసాలో వేయొద్దు, అడుగున ఉండిపోతుంది. దాచొద్దు. రేపు కొత్తది. అర్థమైందా?”

హెప్సిబా ఫోన్ మీదికి వంగింది. “సార్, ఇన్నాళ్ళు పోయింది గదా. పోయిందంతా పోయినట్టేనా?”

“ఎంతో కొంత లోపలికి వెళ్ళింది కదమ్మా. అసలు లేకపోవడం కంటే అది నయం. నష్టం ఎంతన్నది ఇప్పుడు చెప్పలేను. చెబితే అబద్ధం చెప్పినట్టే. మెడ ఎప్పుడు నిలుపుతుందో, మనిషిని చూసి ఎప్పుడు నవ్వుతుందో, శబ్దానికి తిరుగుతుందో లేదో చూస్తూ పోవాలి. చెవుల పరీక్ష కూడా చేద్దాం. రెండు వారాలకు మళ్ళీ రక్తం తీస్తాను. ఇక మీదట ఒక్క రోజు కూడా తప్పకూడదు.”

“తప్పదు సార్.”

“ఇంకొకటి. మొదట్లో అడిగాను, మళ్ళీ అడుగుతున్నా. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు పుట్టుకతోనే దిగుతుంది, మేనరికాల్లో ఇంకా ఎక్కువ. మీ ఇంట్లో ఇట్లాంటి వాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?”

జాకబ్ గోడ వైపు చూడలేదు. చూడకుండానే అన్నాడు, “లేరు సార్.”

“జాకబూ,” అన్నాడు నతానియేలు.

ఇందిరమ్మ లేచి వచ్చింది. కొడుకు చేతిలోని ఫోన్‌కు నోరు దగ్గర పెట్టి, దూరంగా ఉన్న మనిషిని పిలిచినట్టు గట్టిగా అంది.

“ఉండాది సార్. నా కడుపున పుట్టిన తొలిబిడ్డ. ఇట్లనే ఏడ్చేది కాదు. ఇట్లనే నాలుక బయట పెట్టేది. బుద్ధిమంతురాలు అనుకున్నాం సార్. మేము జేసిన పాపమనుకున్నాం ఆ తర్వాత.”

“పాపమేం కాదమ్మా. ఇప్పుడు వయసెంత?”

“ముప్పై దాటినాయి. గొంతు కాడ గడ్డ గూడా ఉండాది. మంట కాడ కూర్చున్నా సలి అంటాది.”

డాక్టరు ఏదో రాసుకుంటున్నట్టుంది. “ఆమెను కూడా తీసుకురండి. రక్తం చూడాలి. పరీక్ష కాకుండా సొంతంగా మాత్ర వేయొద్దు, ఇన్నేళ్ళు అలవాటు లేని గుండె, ఒక్కసారిగా తట్టుకోలేదు. చూసి, మెల్లగా మొదలుపెడదాం.”

“వేస్తే బాగవుతాదా సార్?”

“చలి తగ్గుతుంది. ఒళ్ళు తేలికవుతుంది, ఆ వాపు దిగుతుంది. కాస్త చురుగ్గా తిరుగుతుంది.”

“మాటలు?”

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

“తీసుకురండమ్మా. చూద్దాం,” అన్నాడు డాక్టరు.

నిన్న కోడలు భుజం మీద బిడ్డతో గుమ్మంలో ఎట్లా నిలబడిందో, ఇప్పుడు ఇందిరమ్మ ఖాళీచేతులతో అట్లా నిలబడింది. “ఈ మాత్ర అప్పుడు గూడా ఉండిందా?” అంది చివరికి. అప్పటికే ఫోన్ ఆగిపోయింది. ఆ మాట ఎవరిని అడిగిందో ఎవరికీ తెలియలేదు.

హెప్సిబా అట్టలోంచి కొత్త మాత్ర తీసింది. రెండు చెంచాల మధ్య పెట్టి నలిపింది. పొడి ఒక్క పలుకు కూడా కింద పడకుండా జాకబ్ చెయ్యి కింద పట్టాడు. చెంచాలోకే పాలు పిండి, బిడ్డ బుగ్గ నొక్కి, కొంచెం కొంచెంగా పోసింది. సగం పెదవుల మీదికి తిరిగొచ్చింది. వేలితో మళ్ళీ లోపలికి తోసింది. కెజియా గుటక వేసింది. ముఖం ముడిచి, బొంగురుగా, చిన్నగా ఏడ్చింది.

“ఏడ్చింది,” అన్నాడు జాకబ్.

“చేదుకా?” అన్నాడు నతానియేలు.

ఎవరూ నవ్వలేదు గాని, ఎవరూ కళ్ళు తిప్పుకోలేదు.

ఆ ఏడుపు విని పాపమ్మ దుప్పటి లాక్కుంటూ జరిగి జరిగి దగ్గరికి వచ్చింది. “బిడ్డ,” అంది. చెంచా వైపు చూసింది. తర్వాత తల్లి ముందు కూర్చుని, తల పైకెత్తి, నోరు తెరిచింది.

ఇందిరమ్మ ఆ నోట్లోకి చూసింది. దశాబ్దాలుగా అన్నం పెడుతున్న నోరే అది. చేయి తనకు తెలియకుండానే నేల మీద ఉన్న మాత్రల అట్ట మీదికి పోయింది.

“అత్తా, వద్దు,” అంది హెప్సిబా. “పరీక్ష కావాలన్నాడు.”

“ఒక్కటి.”

“అత్తా.”

ఇందిరమ్మ చేయి వెనక్కి తీయలేదు. అట్టను చేతిలోకీ తీసుకోలేదు. పాపమ్మ నోరు తెరుచుకునే కూర్చుంది.